పూజ లేని దేవతలు



చేత శూలమున్నచో శివుఁడు, చక్రమున్నచో విష్ణువు, ప్రక్కన ఎలుక యున్నచో వినాయకుఁడు అని మన యింటి యైదేండ్ల బిడ్డ చెప్పఁగలదు. ఆ పాఠమును ఎవ్వరును పలకపై వ్రాసి నేర్పలేదు. పూజ జరుగుచోట తిరుగుచు, చూచుచు, ఆ బిడ్డ తానే నేర్చుకొన్నది. ఇప్పుడొక వింతను ఊహింపుఁడు. ఒక దేశమున కొందఱు దేవతలు కలరు. వారికి గుడి లేదు, అర్చకుఁడు లేఁడు, దీపము లేదు, నైవేద్యము లేదు. వారిని దైవములని నమ్మి మ్రొక్కువారును లేరు. ఐనను ఆ దేవతల రూపములు కాగితములపై వేలకొలఁదిగా అచ్చుపడి, వర్తకుని గదిలోను పండితుని బల్లపైనను వెలయుచున్నవి. వారి చేతులలోని వస్తువులను, ప్రక్కనున్న పక్షులను చూచి జనులు అర్థము చెప్పుకొనుచున్నారు. నమ్మని దేవతను చిత్రించుట యెందులకు? ఆ చిత్రమును వెలయిచ్చి కొనుట యెందులకు? ఈ ప్రశ్నయే నేఁటి ప్రసంగమునకు విషయము. దేశము హాలెండు. కాలము 16వ శతాబ్ది యుత్తరార్ధమును, 17వ శతాబ్దియు.

ఆ దేశస్థులగు డచ్చివారు తెలుఁగువారికి క్రొత్తవారు కారు. 1602లో వారి తూర్పుఇండియా వర్తకసంఘ మేర్పడెను. కొలఁదికాలమునకే, 1605 ప్రాంతమున, వారి యోడలు మచిలీపట్టణపు రేవునకు వచ్చెను. మన పెద్దలు వారిని వలందులనిరి. ఆ పేరు మచిలీపట్టణపు వలందపాలెములో నిలిచియున్నది. మన తీరపు అద్దకపు వస్త్రములను వారు ఓడలకెత్తి దూరదేశములలో విక్రయించిరి. బందరులో వంశచిహ్నములు చెక్కిన వారి సమాధిశిలలను చూచినవారు, ఈ జాతికి బేరసారములు తప్ప మఱియేమియు తెలియదని తలఁపవచ్చును. అది సరికాదు. ఆ వర్తకుల స్వదేశమున, బేరమును గుఱించియు, యుద్ధమును గుఱించియు, ఆశను గుఱించియు తమలో తాము మాటాడుకొనుటకు వారికొక చిత్రభాష యుండెను. ఆ భాషలోని యక్షరములే పూర్వపు గ్రీకు రోమను దేవతలు.

మొదట ఆ పటములు పుట్టు విధమును తెలిసికొందము. తాటాకుపై గంటముతో వ్రాయుట మన పెద్దలెఱిఁగిన పని. గంటము ఆకును గీయును. ఆ గీఁతలలో మసి రుద్ది పైభాగమును తుడిచినచో, మసి గీఁతలలో మాత్రమే నిలిచి అక్షరములు నల్లగా కనఁబడును. డచ్చి శిల్పి చేయునదియు ఇట్టిదే. ఆకునకు మాఱుగా నునుపైన రాగిరేకు. గంటమునకు మాఱుగా పదునైన మొనగల చిన్న యుక్కుపనిముట్టు. శిల్పి చిత్రమును కుడియెడమలు తాఱుమాఱుగా రేకుపై చెక్కును. గీఁతలలో సిరా నింపి, పైభాగమును తుడిచి, తడికాగితమును పఱచి, గుండ్రని దిమ్మెల నడుమ గట్టిగా నొత్తును. గీఁతలలోని సిరా కాగితమున కెక్కి, చిత్రము సరియైన వైపునకు తిరిగి కనఁబడును.

తాటాకునకును ఈ రేకునకును ముఖ్యమైన భేదమొకటి కలదు. తాటాకు తానే పుస్తకము. రాగిరేకు పుస్తకము కాదు, పుస్తకములకు తల్లి. ఒక్క రేకునుండి వందలకొలఁది ప్రతులు పుట్టును. రంగులతో వ్రాసిన చిత్రము ఒక ధనికుని గోడ నలంకరించి యచ్చటనే యుండును. అచ్చుపటమో, సంతకు పోవును, ఓడయెక్కును, పొరుగు దేశమున నింకొక చిత్రకారునికి పాఠమగును. దక్షిణమున ఆంట్వర్పు, ఉత్తరమున హార్లెము, పిమ్మట ఆమ్‌స్టర్‌డాము ఈ పనికి పేరుపొందిన నగరములు.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. 1566వ సంవత్సరము ఆగస్టు నెల. ఆ దేశములు స్పెయిను రాజగు రెండవ ఫిలిప్పు ఏలుబడిలో నుండెను. దేవుని పూజకు ప్రతిమ కూడదని బోధించు కాల్విను మతము అచ్చట వ్యాపించుచుండెను. ఆ నెలలో గుంపులు చర్చిలలో చొరఁబడి మేరీమాత ప్రతిమలను, పుణ్యపురుషుల ప్రతిమలను పగులఁగొట్టెను. 20వ తేదీన ఆంట్వర్పులోని మహాదేవాలయమునకును ఆ గతియే పట్టెను. హార్లెము నగరపు చిత్రకారుఁడు మార్టెన్ వాన్ హేమ్‌స్కెర్క్ (1498-1574) చర్చిలకొఱకు వ్రాసిన చిత్రము లనేకము ఆ కాలపు కల్లోలములలో నశించెను.

అదే హేమ్‌స్కెర్క్ గీచిన గ్రహదేవతల పటములు రెండేండ్లకు, 1568లో, రాగిరేకుల నుండి అచ్చుపడి వెలువడెను. అందు జూపిటరు కలఁడు, మార్సు కలఁడు, వీనసు కలదు. వీరు క్రైస్తవునికి పరాయి దేవతలు. ఆ మతము దృష్టిలో మేరీమాతకంటె నెంతయో దూరమైనవారు. ఐనను ప్రతిమలను భంజించిన సమ్మెట యీ పటముల వంకకు తిరుగలేదు. కారణమేమి? మేరీమాత ప్రతిమ యెదుట మోకరిల్లువారుండిరి; కావున దానికి ప్రమాదము కలిగెను. జూపిటరు నెదుట మోకరిల్లువాఁడు లేఁడు. కావున జూపిటరు బ్రదికెను. పూజయే ఒక రూపమునకు ముప్పును, పూజలేమియే మఱియొక రూపమునకు రక్షయు నగుట యెంత విచిత్రము!

ఈ విచిత్రమునకు మన యలంకారశాస్త్రములో ఒక తాళపుచెవి యున్నది. దానికి లక్షణావృత్తి యని పేరు. ‘గంగలో గొల్లపల్లె’ యనినచో, నీటిప్రవాహముపై పల్లె యుండదు గదా! కావున ఆ మాటకు గల ముఖ్యమైన యర్థము బాధింపఁబడును. అప్పుడు మనస్సు ప్రవాహమునకు సంబంధించిన తీరమును గ్రహించును. తీరమనియే చెప్పవచ్చును గదా యన్నచో, గంగయన్న మాటవలన ఆ పల్లెకు చల్లదనమును పావనత్వమును తోఁచును, అది ప్రయోజనము. ముఖ్యార్థము బాధింపఁబడుట, సంబంధముండుట, ప్రయోజనముండుట అను నీ మూఁడును కలిసినచోట లక్షణ యేర్పడును.

డచ్చివారి పటములలోని దేవతలు సరిగా నిట్టివారు. జూపిటరు పూజనీయుఁడను ముఖ్యార్థము క్రైస్తవునికి చెల్లదు. కాని జూపిటరు చేతిలోని పిడుగును, ప్రక్కనున్న గ్రద్దయు రాజాధికారముతో సంబంధము గలవి. ఆ సంబంధముచేత అతఁడు అధికారమునకు గుఱుతయ్యెను. మెర్క్యురీ రెక్కలటోపి ధరించి, రెండు పాములు చుట్టుకొన్న దండమును పట్టును. అతఁడు వర్తకమునకును వాక్చాతుర్యమునకును గుఱుతు. శిరస్త్రాణము ధరించి గుడ్లగూబతో నిలుచు మినర్వా వివేకము. కొడవలి పట్టిన ముసలి సాటర్ను కాలము. ధాన్యపు వెన్నులు పట్టిన సీరీసు అన్నము. ద్రాక్షతీఁగ చుట్టుకొన్న బాకసు పానము. మూఁడుమొనల యాయుధమును చూచి శివుఁడని మనము భ్రమపడరాదు. అతఁడు సముద్రాధిపతియగు నెప్ట్యూను, మన వరుణునికి సాటి. మూఁడవ నియమమగు ప్రయోజనము మాట పిమ్మట చెప్పెదను. ఈ ప్రసంగమునకు ప్రాణము అదియే.

ఈ గుఱుతులన్నియు చిత్రకారులు తలకొక రీతిగా కల్పించుకొన్నవి కావు. వానికి గ్రంథములు కలవు. కారెల్ వాన్ మాండర్ (1548-1606) ఫ్లాండర్సు దేశమున పుట్టి, యుద్ధబాధచేత జన్మభూమిని విడిచి 1583లో హార్లెమునకు వచ్చిన కవియు చిత్రకారుఁడును. అతఁడు 1604లో చిత్రకారులకొఱకు ఒక గొప్ప గ్రంథమును ప్రకటించెను. అందు చిత్రకారుల చరిత్రలతోపాటు, రోమను కవి యోవిడు వ్రాసిన రూపాంతరకథలకు అర్థవివరణమును, ఏ దేవతను ఏ గుఱుతులతో చిత్రింపవలయునో తెలుపు భాగమును గలవు. మాండరు నిష్ఠగల క్రైస్తవుఁడు. మన శిల్పశాస్త్రములందును ధ్యానశ్లోకములందును దేవతకు ఎన్ని చేతులో, ఏ చేత నేమి యుండవలయునో చెప్పఁబడియున్నది గదా. మాండరు పుస్తకము చూపునకు అట్టిదే. కాని ధ్యానశ్లోకము చదివినవాఁడు దేవతను నిలుపుకొనుటకు కన్నులు మూసికొనును. మాండరు పుస్తకము చదివినవాఁడు అర్థము వెదకుటకు కన్నులు తెఱచును. ఇటలీలో 1593లో వెలసిన రీపా పండితుని ప్రతిమార్థకోశము సయితము 1644లో ఆమ్‌స్టర్‌డామున డచ్చిభాషలోనికి వచ్చెను.

పటము క్రింద లాటిను పద్యములుండుటయు కలదు. హార్లెమున గొల్ట్సియసు అను శిల్పి ముద్రించిన పటములు పెక్కింటికి ఈ పద్యములు కూర్చినవాఁడు ఆ యూరి లాటిను పాఠశాలకు ప్రధానోపాధ్యాయుఁడగు కొర్నేలియసు స్కోనేయసు. పగలు బాలురకు విభక్తులు వల్లెవేయించి, రాత్రి దీపముకడ మెర్క్యురీకిని వీనసుకును పద్యములు కట్టు ఆ పంతులును తలఁచుకొన్నప్పుడు, జీవితమంతయు బడిలో గడపిన నాకు అతనియందు బంధుభావము కలుగును. అతఁడు క్రైస్తవకథలతో, రోమను నాటకకర్త టెరెన్సు పోకడలో, విద్యార్థులకొఱకు నాటకములును వ్రాసెను. పరాయి దేవతల కథలు తన పిల్లల విశ్వాసమును చెఱుచునని అతఁడు భయపడలేదు.

ఆ టెరెన్సు నాటకమునుండి పుట్టిన సామెతయే మన మొదటి యుదాహరణము. సీరీసును బాకసును దగ్గఱ లేనిచో వీనసునకు చలివేయునని దాని తాత్పర్యము. అనఁగా తిండియు పానీయమును లేనిచోట వలపు చల్లాఱును. కూడు లేని కాపురమున సరసము నిలువదని మనవారును ఎఱుఁగుదురు. హెండ్రిక్ గొల్ట్సియసు (1558-1617) ఈ విషయమును తిరిగి తిరిగి చిత్రించెను. రేకుపై చెక్కెను, రంగులతో వ్రాసెను, 1593లో తోలుపత్రముపై కలముతోనే, రేకుపై చెక్కినవో యని భ్రమ గొలుపు గీఁతలతో రచించెను. అది లండనులోని బ్రిటిషు మ్యూజియమున నున్నది. గొల్ట్సియసు 1577లో హార్లెమునకు వచ్చినప్పుడు ఆ యూరికి పాత గాయములు మానలేదు. 1572 డిసెంబరునుండి 1573 జూలైవఱకు స్పెయిను సైన్యము ఆ నగరమును ముట్టడించెను. ఆఁకలికి తాళలేక నగరము లొంగిపోయెను. అట్టి యూరివారికి అన్నము లేనిచో ప్రేమ లేదను మాట వట్టి చమత్కారముగా మాత్రమే వినఁబడి యుండదు.

రెండవ యుదాహరణము మనకు దగ్గఱ చుట్టము. గొల్ట్సియసు గీయఁగా యాన్ సాన్‌రెడాము అను శిల్పి 1596లో చెక్కిన సప్తగ్రహముల పటమాలిక యది. ఒక్కొక్క పటమున ఒక్కొక్క గ్రహదేవతయు, ఆ గ్రహము ప్రభావమునకు లోనైన జనుల వ్యాపారములును కనఁబడును. ఆ జనులను గ్రహమునకు బిడ్డలనుట పాశ్చాత్య సంప్రదాయము. ఆ సంప్రదాయమున మార్సు బిడ్డలు సైనికులు. వీనసు బిడ్డలు ప్రేమికులును గాయకులును. మెర్క్యురీ బిడ్డలు శిల్పులు, చిత్రకారులు, వర్తకులు. జూపిటరు బిడ్డలు విద్వాంసులు. చంద్రుని బిడ్డలు నీటిని నమ్ముకొని బ్రదుకు జాలరులును నావికులును.

మన పంచాంగమెఱిఁగినవారికి ఇది వింతగాను తోఁచును, పరిచితముగాను తోఁచును. వారమునకు ఏడు దినములు, దినమున కొక గ్రహము అను నేర్పాటు రెండుచోట్లను ఒక్కటియే. గ్రీకు జ్యోతిషమునకును మన జ్యోతిషమునకును నడుమ పూర్వమే రాకపోకలు జరిగినవి. వరాహమిహిరాచార్యుఁడు యవనుల శాస్త్రజ్ఞానమును గౌరవముతో పేర్కొనెను, క్రీ.శ. 484నాఁటి ఎరాణ్ శాసనమున గురువారము కనఁబడుచున్నది. కుజుఁడు ఇచ్చటను యుద్ధకారకుఁడే. బుధుఁడు ఇచ్చటను బుద్ధికిని వాణిజ్యమునకును కారకుఁడే. శని ఇచ్చటను మందగామియే. ఆకాశమును ఒక్కసారి చుట్టివచ్చుటకు వానికి ఇంచుమించు ముప్పదియేండ్లు పట్టును గావున ముసలితనము వానికి తగినదే. భేదములును కలవు. వారి వీనసు స్త్రీ. మన శుక్రుఁడు అసురుల గురువు. వారి చంద్రుఁడు విల్లుపట్టిన కన్య. మన చంద్రుఁడు తారలకు పతి. వారి జూపిటరు ఆయుధమున ఇంద్రుని పోలును, వారమున మాత్రము బృహస్పతి పీఠమున కూర్చుండును. అతని బిడ్డలు విద్వాంసులగుట చూచినచో, మన గురువు ఆ పిడుగుచాటున దాఁగియున్నాఁడేమో యని తోఁచును. కాని మనము నవగ్రహములకు ప్రదక్షిణము చేయుదుము. హార్లెము పౌరుఁడు ఆ పటములను త్రిప్పి చూచి, లోకమున ఎన్నివిధముల జనులు ఎన్నివిధముల బ్రదుకుదురో కదా యని తలఁచి పుస్తకములో దాఁచుకొనును. మూలమొక్కటి, ఇచ్చట అది అర్చనగా నిలిచెను, అచ్చట ఆలోచనగా నిలిచెను.

ఇప్పుడు ప్రయోజనము మాట. గొల్ట్సియసునకు చెక్కడపుపని నేర్పిన గురువు కూర్న్‌హెర్ట్ (1522-1590) శిల్పి మాత్రమే కాఁడు, నీతిశాస్త్రకర్త. పరమతసహనమును బోధించినందులకు నింద పడినవాఁడు; 1567లో చెఱసాలను చూచినవాఁడు. అట్టి గురువుకడ చదివినవాఁడు దేవతలను వట్టి యలంకారముగా తలఁచునా? 1588లో గొల్ట్సియసు నాలుగు వలయాకారపు పటములను ముద్రించెను. మూలచిత్రములు ఆ యూరి కొర్నేలిసు అను చిత్రకారునివి. అందు నలుగురు పతితులు కలరు. తండ్రి మాట వినక సూర్యునికి దగ్గఱగా నెగిరి, మైనపు ఱెక్కలు కరఁగి సముద్రమున పడిన ఇకారసు. తోలలేని సూర్యరథమును తోలఁబోయి కూలిన ఫేథాను. దేవతల విందులో అపచారము చేసిన టాంటలసు. దేవరాజు భార్యను కోరిన యిక్సియను. భారీ శరీరములు తల క్రిందులై, ఆకాశమునుండి మన మీఁదనే పడుచున్నవో యన్నట్లుండును. మన పురాణములో నహుషుఁడును త్రిశంకువును ఇట్లే పడిరి గదా! తన మేరను దాఁటినవానికి పతనము తప్పదని ఆ నలుగురు నాలుగు దిక్కులనుండి కేక వేయుచున్నారు.

ఈ చిత్రములు చెక్కిన చేయి యెట్టిదో వినుఁడు. పసితనమున గొల్ట్సియసు నిప్పులలో పడెను. కుడిచేయి కాలి, వ్రేళ్లు ముడుచుకొనిపోయి, ఆ చేయి మఱల పూర్తిగా తెఱచుకొనలేదు. ఆ చేతినే అతఁడు 1588లో కలముతో చిత్రించెను. అది హార్లెములోని టేలర్సు మ్యూజియమున నున్నది. పతితుల పటములకును చేతి పటమునకును సంవత్సర మొక్కటియే. పడుట యన నేమో ఆ చేతికి తెలియును.

మూఁడవ యుదాహరణము ధనమును గుఱించినది. 1636-37 చలికాలమున హాలెండులో ట్యూలిపు పువ్వుల దుంపలపై జనులకు మోజు ముదిరెను. దుంప భూమిలోనే యుండును. కొన్నవాఁడు దానిని చూడఁడు. చూడకయే మఱియొకనికి హెచ్చు వెలకు అమ్మును. చేతులు మాఱునది కాగితము మాత్రమే. డచ్చివారే దీనికి గాలిబేరమని పేరుపెట్టిరి. 1637 ఫిబ్రవరిలో ఆ వెలలు ఒక్కసారిగా కూలెను. ఆ యేఁటనే, క్రిస్పీన్ ద పాస్ అను శిల్పి పేర, ఫ్లోరాదేవి వెఱ్ఱిబండి యను పటము వెలువడెను. ఫ్లోరా పువ్వులకు అధిదేవత. ఆమె చేతులలో ట్యూలిపు పువ్వులతో ఒక తెరచాప బండిపై ఎత్తుగా కూర్చున్నది. తెరచాప బండి కవికల్పన కాదు. ఆ శతాబ్ది తొలియేండ్లలో సైమను స్టెవిను అను గణితవేత్త నిజముగానే అట్టి బండిని కట్టించి సముద్రపుటొడ్డున నడపించెను. గాలిబేరమునకు గాలిబండి వాహనమగుట తగియున్నది. బండిలో ఫ్లోరాతోపాటు, విదూషకుల టోపీలు ధరించిన పురుషులును, అంతయు మూటగట్టుకొనునామెయు, వట్టి యాశయను పేరుగల యామెయు కలరు. హార్లెము సాలెవాండ్రు మగ్గములను వదలి, మమ్మును ఎక్కించుకొనుఁడని వెంటఁబడుచున్నారు. బండి పోవునది సముద్రము వంకకు.

ఈ పటమున ఫ్లోరా దోషి కాదు. పువ్వులకు దోషమేమి? ఆమెను పీఠమెక్కించి వెంట పరుగెత్తినవారే దోషులు. ఆలోచించినచో, ఎవ్వరును పూజింపని దేవతలలో ఈ ఫ్లోరాకు మాత్రము ఆ చలికాలమున నిజమైన పూజ జరిగెను. నైవేద్యము సాలెవాని మగ్గము. రూపమును పూజింపరాదని చర్చి ప్రతిమలను దూరము చేసిన దేశమునకు, విగ్రహము లేకయే మూఢభక్తి పుట్టునని ఆ చిత్రకారుఁడు చూపెను. మతబోధకుఁడు వేదికనుండి ఈ మాటయే చెప్పినచో కొందఱు వినుదురు, కొందఱు నిద్రింతురు. పటమును చూచి నవ్వినవాఁడు, తన తలపైనను ఆ టోపీ యున్నదేమో యని తడవి చూచుకొనక తప్పదు. మన లాక్షణికులు కావ్యోపదేశమును కాంతాసమ్మితమనిరి. ఇది వట్టి శాసనము కాదు. నవ్వించి దారికి తెచ్చు నేర్పు.

నిజము దాఁచరాదు. ఈ పటములను కొన్నవారందఱు నీతికొఱకే కొనిరనుట సరికాదు. వీనసు శరీరసౌందర్యమునకై కొన్నవారును, గీఁతల పనితనమునకై కొన్నవారును తప్పక యుందురు. మన కావ్యములను శృంగారముకొఱకు చదువువారు లేరా? ఐనను కావ్యము తన పనిని తాను చేయుచునే యుండును.

ఇక చివరి యుదాహరణము. 1648లో స్పెయినుతో ఎనుబదియేండ్ల యుద్ధము ముగిసెను. ఆ యేఁటనే ఆమ్‌స్టర్‌డాము పౌరులు క్రొత్త నగరమందిరమునకు పునాది వేసిరి. 1655లో ప్రవేశోత్సవము జరిగెను. నేఁడది రాజమందిరము. దాని ముఖభాగమున సముద్రదేవతలు నగరకన్యకు కానుకలు తెచ్చుచున్నారు. లోపలి వసారాలలో గ్రహదేవతలు పాలఱాతి మూర్తులై నిలిచియున్నారు. శిల్పులలో ముఖ్యుఁడు ఆర్టసు క్వెలీనసు. అతని సోదరుఁడు హ్యూబర్టు ఆ శిల్పములన్నింటిని రేకులపై చిత్రించి, 1655లోను 1663లోను సంపుటములుగా ప్రకటించెను. ఇట్లు పటములలో పెరిగిన దేవతలు ఱాతిలోనికి పోయి, మఱల పటములలోనికి వచ్చిరి.

ఆ మందిరమున ఒక గది దివాలాతీసిన వర్తకుల వ్యవహారములు చూచునది. ఆ గదివాకిలిపై ఏమి చెక్కిరో ఊహింపుఁడు. ఇకారసు! మైనపుఱెక్కలు కరఁగి తలక్రిందులుగా పడుచున్న ఆ బాలుఁడే. వాని దగ్గఱ పూలదండకు మాఱుగా, వట్టి పెట్టెలును, చెల్లింపని చీట్లును, వానిని కొఱుకు ఎలుకలును చెక్కిరి. ఆ వాకిలి దాఁటి లోపలికి పోవు వర్తకుని తలఁచుకొనుఁడు. నిన్నటివఱకు అతని యోడలు ఇండియావఱకు పోయినవి. ఈనాఁడు అప్పులవారు బయట వేచియున్నారు. అతఁడు తల యెత్తి ఇకారసును చూచును. అతఁడు ఇకారసును పూజింపఁడు. కాని ఆ క్షణమున అతనికి ఇకారసుకంటె దగ్గఱి బంధువు లోకమున లేఁడు. చట్టము చెప్పలేని మాటను ఆ ఱాయి చెప్పును: ఎగిరినవాఁడవు నీవొక్కఁడవే కావు, పడినవాఁడవును నీవొక్కఁడవే కావు. నింద అందే కలదు, ఓదార్పును అందే కలదు. నేను ముందు చెప్పెదనన్న ప్రయోజన మిదియే. బ్రదుకునకు దారి చూపునప్పుడు గాని దేవతారూపము ప్రాణముతో నుండదు. పూజ యున్నను లేకున్నను ఈ మాట యొక్కటియే.

ఆ పటములు నేఁడు ఆమ్‌స్టర్‌డామునందలి రైక్సు మ్యూజియమునను, ఇతర నగరములందును భద్రముగా నున్నవి. ఎలుక కొట్టదు, చెమ్మ తగులదు. కాని చూచువారిలో పెక్కుమందికి సాటర్ను చేతిలోని కొడవలికి అర్థము చెప్పు చీటీ ప్రక్కన నుండవలయును. సమ్మెట దెబ్బకు తప్పించుకొన్న దేవతలు మఱపు దెబ్బకు తప్పించుకొనుట కష్టమైనది. రాగిరేకు అరుగుటకు ముందే అర్థము అరుగును.

ఈ మాట విని మనము గర్వపడవలసిన పని లేదు. మన దేవతలకు గుడియున్నది, దీపమున్నది, పూజ యున్నది. అది మన భాగ్యము. శూలము శివునిదని మన యైదేండ్ల బిడ్డకు తెలియును. ఆ బిడ్డయే రేపు పదేండ్లదై, శూలమునకు మూఁడు మొన లేల యని యడుగును. వినాయకునికి ఎలుక యేల యని యడుగును. అప్పుడు మనము గద్దించి ఊరకుండుమందుమా, కూర్చుండఁబెట్టుకొని చెప్పుదుమా? పూజ పేరును నిలుపును. అర్థమును నిలుపునది ఆ ప్రశ్నకు మనమిచ్చు సమాధానము. హార్లెము పంతులు తనవి కాని దేవతలకొఱకు ఆ శ్రమపడెను. మన దేవతలకొఱకు మనము పడలేమా?